ఓట్స్‌లో మందు ఆ జిగటే

ఓట్స్‌తో కొలెస్టరాల్ తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. తగ్గుతుంది, కానీ కాస్తే. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్, 5 నుంచి 7 శాతం దిగుతుంది. దాన్ని చూసుకుని కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేస్తే మాత్రం తెలివితక్కువే.

పని చేసేది ఉడికిన ఓట్స్ చల్లారాక గిన్నెకు పట్టే జిగట. దాని పేరు బీటా గ్లూకాన్. అన్నంలోని పిండిపదార్థంలాగే ఇదీ గ్లూకోజు గొలుసే గానీ లంకెలు వేరు. వాటిని తెంచే ఎంజైము మన ఒంట్లో లేదు. అందుకే అరగకుండా చిన్నపేగులో నీళ్ళు పీల్చి బెండకాయ జిగురులా చిక్కబడుతుంది.

కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరస ఆమ్లాలను పంపుతుంది. వాటికి ముడిసరుకు కొలెస్టరాలే. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతం తిరిగి కాలేయానికి చేరతాయి, గోలీసోడా సీసాలు దుకాణానికి వాపసు వచ్చినట్టు. జిగటలో చిక్కిన సీసాలు వాపసు రావు, మలంతో పోతాయి. కొత్త సీసాల కోసం కాలేయం తన కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని రక్తంలోని కొలెస్టరాల్‌ను లాక్కుంటుంది. గొలుసు పొడవుగా ఉంటేనే ఈ పని జరుగుతుంది. గొలుసు పొడవును చెప్పే అణుభారం 20 లక్షల నుంచి 2 లక్షలకు పడిపోతే అదే 3 గ్రాములు తిన్నా ఫలితం దాదాపు కనబడదు. ఓట్స్‌ను గోధుమపిండిలో కలిపి పులియబెడితే గోధుమ ఎంజైములు ఆ గొలుసును ముక్కలు చేస్తాయి. ఓట్స్ బ్రెడ్డు మీద ఆశ పెట్టుకోకపోవడానికి కారణం అదే.

మోతాదు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్. 1997లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న లెక్క ఇది. అంటే సుమారు 75 గ్రాముల ఉడికించని ఓట్స్ అటుకులు. పొద్దున తినే 40 గ్రాముల గిన్నెలో దొరికేది సగమే. ఒకేసారి 75 గ్రాములు మొదలుపెడితే కడుపుబ్బరం, గ్యాసు. 20 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచాలి, నీళ్ళు బాగా తాగాలి. ఫలితం చూడటానికి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత పరీక్ష చేయించుకోండి. షుగరు ఉన్నవాళ్ళు ఇన్‌స్టంట్ రకం కొనొద్దు. పలచగా నొక్కి ముందే ఉడికించిన అటుకు త్వరగా అరిగి గ్లూకోజును ఎగదోస్తుంది. మసాలా ప్యాకెట్లలో ఉప్పు సంగతీ చూడాలి.

దురద పెట్టే పొడిచర్మానికి ఓట్స్ పైపూతగానూ పనికొస్తాయి. మిక్సీలో మెత్తగా పొడి చేసి, ఒక చెంచా గ్లాసు నీళ్ళలో కలపండి. నీళ్ళు పాలలా మారాలి. పొడి అడుగుకు దిగితే ఇంకా రుబ్బాలి. గుప్పెడు పొడి బకెట్ గోరువెచ్చని నీళ్ళలో కలిపి 10 నిమిషాలు ఒంటిమీద పోసుకుని, తుడవకుండా అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. వేడినీళ్ళు వద్దు, దురద పెరుగుతుంది. నేల జారుతుంది, జాగ్రత్త. ఎగ్జిమాతో చర్మం పగిలిన పసిపిల్లలకు డాక్టరును అడగకుండా వాడొద్దు. పగుళ్ళలోంచి ఓట్ ప్రోటీన్ లోపలికెళ్ళి అలెర్జీకి దారి తీయొచ్చు.

నరాల బలానికని అమ్మే అవెనా సటైవా (ఓట్స్ శాస్త్రీయ నామం) చుక్కల వెనక గట్టి రుజువేమీ లేదు. ఆ సీసాలో జిగట కూడా ఉండదు.

గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉంటే మామూలు ఓట్స్ ముట్టొద్దు. పొలంలో, మరలో గోధుమ కలుస్తుంది. గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాముల లోపని ముద్రించిన ప్యాకెట్టే కావాలి. అదీ కొందరికి పడదు, ఓట్స్‌లోని అవెనిన్ అనే ప్రోటీన్ వల్ల. థైరాయిడ్ మాత్రను ఓట్స్‌తో కలిపి వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. మాత్ర పరగడుపున, ఓట్స్ కనీసం గంట తర్వాత. పేగు ఇరుకుగా ఉన్నవాళ్ళు, మింగడం కష్టమైనవాళ్ళు అసలు జోలికి పోవద్దు. అంతసేపూ పొగిడిన జిగటే వాళ్ళ పేగుకు అడ్డం పడుతుంది.