కిటికీ రాజుగారి కొలువు

చిట్టితల్లికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

ముక్కనుమ వెళ్లాక కొలువు బొమ్మల్ని పాత చీరల్లో చుట్టి పెట్టెలో సర్దేశారట. "తాతయ్యా, మెట్లు బోసిగా ఉన్నాయి, మొక్కలు పెడితే బతుకుతాయా?" అని అడిగావు కదా తల్లీ. భేషుగ్గా బతుకుతాయి. కాకపోతే ఆ కొలువులో రాజు కిటికీ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయన్ని బట్టే ఉంటుంది.

రాజుగారి పక్కన కలబందను కూర్చోబెట్టు, దానికి వెలుతురు బాగా కావాలి. మనీప్లాంట్ మంత్రిగారు. ఆయన్ని పై మెట్టు మీద పెడితే తీగ మెట్టు మెట్టుకీ జారుతూ కిందికి దిగుతుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. చాగ జాతి మొక్క, మీరు స్నేక్ ప్లాంట్ అంటారే, అదీ జెడ్‌జెడ్ మొక్కా కాపలా భటులు. రాజుగారికి దూరంగా నిలబెట్టినా ఓర్చుకుంటాయి. జెడ్‌జెడ్‌కి మట్టిలో దుంపలుంటాయి, నీళ్లు వాటిలో దాచుకుంటుంది. కొలువులో అందరి మెడలూ రాజుగారి వైపే తిరుగుతాయి కాబట్టి వారానికోసారి కుండీల్ని కాస్త తిప్పుతూ ఉండు.

కొత్త కుండీలు కొనక్కర్లేదు. అమ్మమ్మ పాత ఆవకాయ జాడీ ఉంది, కొబ్బరి చిప్పలకు మన కోనసీమలో కరువా? చిప్పకి అడుగున చిల్లు పెట్టడం మాత్రం మరిచిపోవద్దు. జాడీకి చిల్లు పెట్టలేం, మొక్క ఉన్న పాత కుండీనే అందులో దించు. లోపల నిలిచిన నీళ్లు పారబొయ్యి.

నా ఎనిమిదో ఏట మా అమ్మ కొలువు ముందు ఇత్తడి పళ్లెంలో మట్టి పోసి మెంతులు చల్లింది. అది బొమ్మల తోట. నీళ్లు చిలకరించే పని నాది. ప్రేమకొద్దీ పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు కూడా పోశాను. నాలుగో నాడు మొలకల మొదళ్లు గోధుమరంగుకి తిరిగాయి, ముట్టుకుంటే జిగురుగా వేళ్లకి అంటుకున్నాయి. పళ్లెం మురుగు కంపు కొట్టింది. అమ్మ తిట్టలేదు. "వేరుకీ ఊపిరుంటుందిరా, దాని ముక్కు మూసేశావు" అంది. ఆ రోజు చాలా ఏడ్చాను.

మన రైతు వరికి నీళ్లు నిలగడతాడు, మొక్కజొన్నకి ఆరుతడే ఇస్తాడు. మీ కుండీలకీ ఆరుతడే. మట్టిలో వేలు గుచ్చి చూడు, పొడిగా తగిలితేనే పొయ్యి. ప్రేమించడమంటే ముందు చూడ్డం తల్లీ.

బుజ్జిగాడు ఆకులు నోట్లో పెట్టుకోకుండా చూసుకో. మనీప్లాంట్, జెడ్‌జెడ్ నమిలితే నోరు మండి వాస్తుంది.

మరి మనీప్లాంట్ ఉత్త నీళ్ల సీసాలో ఎలా బతుకుతుందంటావా? నీళ్లలో పుట్టిన వేరు ఆ నీళ్లలో కరిగిన గాలితోనే సర్దుకుంటుంది. ఎలాగో నేను చెప్పడం కన్నా నువ్వు చూడ్డమే బాగుంటుంది. తీగ మీద ఆకు పుట్టే చోట, కణుపు దగ్గర, గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది. దాని కింద కత్తిరించి గాజు సీసాలో నిలబెట్టు. వారానికోసారి నీళ్లు మార్చు. రోజూ పళ్లు తోముకోగానే ఇద్దరూ వెళ్లి ఆ బుడిపెను చూడండి. తెల్లటి మొన బయటికొచ్చిన రోజున నాకు ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య