కిలోమీటర్లు చూసి కొనకండి: విశాఖలో పాత క్రూయిజరు గురించి అపోహలు - వాస్తవాలు

నా షెడ్డుకు పాత క్రూయిజరు (సీటు కిందికి, హ్యాండిలు వెడల్పుగా ఉండి కాళ్లు ముందుకు చాపి కూర్చునే బైకు) చూపించడానికి వచ్చే కుర్రవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒక్కటే: "బండి ఎనిమిది వేలే తిరిగిందండీ!" మోడలు, సంవత్సరం, ధర ఆ తర్వాతే. అంత తక్కువ తిరిగిన బండి దొరికిందని ముఖం వెలిగిపోతూ ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మూత తీయమని నేను టార్చి పట్టుకోగానే ఆ వెలుగు తగ్గడం మొదలవుతుంది.

విశాఖలో మొదటిసారి ఇలాంటి బండి కొనేవాళ్ల డబ్బును అన్నిటికంటే ఎక్కువగా తినేసేది ఈ నమ్మకమే. అందుకని దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మిగిలిన వాటికి నాకు అంత ఓపిక లేదు.

అపోహ: మీటరులో కిలోమీటర్లు ఎంత తక్కువ ఉంటే బండి అంత మంచిది.

వాస్తవం: సముద్రం పక్కన ఉన్న ఊళ్లో బండి తిరిగి పాడవడం కంటే నిలబడి పాడవడమే ఎక్కువ. తిరిగితే అరిగేవి ఏమిటో అందరికీ తెలుసు: చైను సెట్టు, క్లచ్ ప్లేట్లు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు. వాటి ధర తెలుసు, అవి ఎక్కడ దొరుకుతాయో తెలుసు. ఉప్పుగాలికి నిలబడిన బండిలో ఏది ఎప్పుడు పోతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

క్రూయిజర్లకు ఇందులో అదనపు దురదృష్టం ఉంది. మామూలు వంద సీసీ బండి కొన్నవాడు దాన్ని రోజూ ఆఫీసుకు తీస్తాడు. రాయల్ ఎన్‌ఫీల్డు థండర్‌బర్డో బజాజ్ అవెంజరో కొన్నవాడు సరదాకు కొంటాడు. కొన్నాళ్లు ఆదివారాలు భీమిలి దాకా వెళ్లి వస్తాడు, ఒకసారి అరకు ఘాటు ఎక్కుతాడు. పెళ్లవుతుంది, కారు వస్తుంది, బండి అపార్టుమెంటు సెల్లారుకు చేరుతుంది. లాసన్స్ బే కాలనీ, పాండురంగాపురం, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల సెల్లారులోకి ఎండ రాదు కానీ సముద్రపు గాలి నిక్షేపంగా వస్తుంది. మీద కవరు కప్పితే ఇంకా నష్టం, ఎందుకంటే లోపలికి వెళ్లిన తేమ బయటికి పోదు.

ఆ మధ్య పరవాడ ఫార్మా కంపెనీలో పని చేసే అబ్బాయి ఒకడు నన్ను తీసుకెళ్లి సరిగ్గా అలాంటి థండర్‌బర్డ్ 350 చూపించాడు. యజమాని పెద్దాయన, మర్యాదస్తుడు. కొడుకు అమెరికా వెళ్లిపోయాడు, బండి ఉండిపోయింది. "ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఉంచుతాను బాబూ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, బండికి మేలు చేస్తున్నాననే నమ్ముతున్నాడు. నేను ఇంజను ఆయిల్ మూత తిప్పి తీశాను. మూత లోపలి వైపు మజ్జిగ నురగలా తెల్లటి పొర. ఐదు నిమిషాల్లో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల పుట్టిన ఆవిరి బయటికి పోకుండా అక్కడే నీరై ఆయిల్‌లో కలుస్తుంది, సైలెన్సరులో నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. స్టార్టు చేయడానికి ఖర్చయిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి చేరదు. నీరసపడిన బ్యాటరీతో అదే పనిగా సెల్ఫు కొడితే ఆ తరం 350 ఇంజన్లలో స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫు మోటారు తిప్పే బలాన్ని ఇంజనుకు అందించే భాగం) దెబ్బతింటుందని ఎన్‌ఫీల్డు పని తెలిసిన మెకానిక్‌లందరికీ అనుభవమే.

ఇక ట్యాంకు. థండర్‌బర్డ్ ట్యాంకు ఇరవై లీటర్లది. అడుగున రెండు లీటర్లు మాత్రమే ఉంచి నిలబెడితే పైనున్న రేకంతా గాలికి వదిలేసినట్టే. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు తేమను లాక్కునే గుణం ఉంది. టార్చి వేసి చూస్తే లోపలి గోడలు ఎర్రగా, పెచ్చులు పెచ్చులుగా కనిపించాయి. పైన మాత్రం కొత్త పాలిష్‌తో అద్దంలా ఉంది. ఆ పెచ్చులే కార్బురేటరు జెట్లలో (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాల్లో) ఇరుక్కుని బండిని మధురవాడ ఫ్లైఓవరు మధ్యలో ఆపేస్తాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే పంపుకు, ఫిల్టరుకు చుట్టుకుంటాయి, బిల్లు ఇంకా పెద్దది.

తర్వాత ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తీసుకునే రెండు రాడ్లు. ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీలుకు కొంచెం పైన ఫోర్కు రాడ్డు మీద గోరు ఆనించి నెమ్మదిగా కిందికి జార్చాలి. నున్నగా జారితే సరే. గోరు ఎక్కడైనా తగులుకుంటే అక్కడ క్రోమియం పొర లేచి గుంట పడిందన్నమాట. గుంతలో బండి దిగినప్పుడల్లా ఆ గుంట సీలును కోస్తుంది. సీలు మార్చినా కొన్నాళ్లకే మళ్లీ కారుతుంది, రాడ్డు మార్చాల్సిందే. కారిన ఆయిలు బ్రేకు డిస్కు మీదికి చేరిందంటే అప్పుడు విషయం డబ్బుతో ఆగదు. ఆ బండికి రెండు రాడ్లకూ గోరు తగిలింది. హెడ్‌లైటు వెనక వైరింగు కనెక్టరు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము.

అబ్బాయి ముఖం చూసి నాకే బాధేసింది. ఆ బండి వద్దని చెప్పి, కంచరపాలెంలో ఒక రైల్వే ఉద్యోగి రోజూ వాడుతున్న అదే మోడలు చూడమన్నాను. మీటరు నలభై వేలు దాటింది. సీటు చిరిగింది, ఒక ఇండికేటరు పగిలింది. కానీ ప్రతి సర్వీసు బిల్లూ ఒక కవరులో వరుసగా ఉంది, ట్యాంకు లోపల రేకు తెల్లగా ఉంది. కొంచెం సందేహిస్తూనే కొన్నాడు. సీటు కుట్టించుకున్నాడు, చైను సెట్టు వేయించాడు, ఇప్పుడు రోజూ పరవాడ వెళ్లి వస్తున్నాడు.

పైగా మీటరు చూపేదంతా నిజమని ఎవరు చెప్పారు? పాత బండ్లలో కేబులు ఊడదీస్తే ముల్లు కదలదు. డిజిటల్ మీటరు మార్చేసేవాళ్లూ ఉన్నారు. మీటరును వదిలేసి ఫుట్‌రెస్టు రబ్బరు, గేరు పెడలు రబ్బరు, తాళం దూర్చే చోట గీతలు, డిస్కు అంచున లేచిన గట్టు చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. పన్నెండు వేలే తిరిగిందంటున్న బండికి రెండో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి. అసలు టైర్లే ఉన్నాయంటారా, అయితే వాటి వయసు లెక్కపెట్టండి. గాడులు ఎంత లోతుగా ఉన్నా ముసలి రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది.

ఇంకొక మాట: చూడటానికి వెళ్లగానే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్టు చేసి సిద్ధం చేశారు. రేపు పొద్దున్నే వస్తానని చెప్పి, బండి ముట్టుకోవద్దని అడిగి రండి. చల్లటి ఇంజను స్టార్టయ్యే తీరులోనే సగం జాతకం తెలిసిపోతుంది.

అపోహ: నేవీ ఆఫీసరు బండి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది కాబట్టి బదిలీల సమయంలో మంచి బండ్లు అమ్మకానికి వస్తాయన్నది నిజం. కానీ యజమాని నెలల తరబడి ఓడ మీద ఉంటే బండి క్వార్టర్సులో ఏం చేస్తోంది? పైన చెప్పిందే. దానికి తోడు చాలా వాటికి వేరే రాష్ట్రం నంబరు ఉంటుంది, ఆ ఖర్చు సంగతి కింద చెబుతాను.

అపోహ: ఎన్‌ఫీల్డు అన్నాక ఆయిలు కారుతుంది, అది మామూలే.

వాస్తవం: పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ల కాలం నాటి మాట ఇది. 2020 నవంబరులో వచ్చిన ఎన్‌ఫీల్డు క్రూయిజరు మీటియోర్ 350 ఇంజను కింద ఆయిలు మరక ఉంటే అది మామూలు కాదు, ఎక్కడో ఏదో పోయింది. దళారి ఈ మాట అన్నాడంటే బేరం అక్కడే ఆపండి.

అపోహ: సీటు కిందికి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు క్రూయిజరే సులువు.

వాస్తవం: సగమే నిజం. అవెంజరు సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు, పొట్టివాళ్లకు కూడా రెండు పాదాలూ నేలకు ఆనుతాయి, ధైర్యం వస్తుంది. కానీ బండి పొడవు ఎక్కువ, హ్యాండిలు వెడల్పు, కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి. ఇరుకు సందులో యూటర్ను తిప్పేటప్పుడు తేడా తెలుస్తుంది. మీటియోర్ బరువు 191 కిలోలు, సూపర్ మీటియోర్ 650 అయితే 241. కైలాసగిరి మలుపుల్లోనో సింహాచలం ఘాటులోనో బండి ఒకవైపు ఒరిగితే ఆ బరువు మీ ఒక్క కాలు మీద పడుతుంది. కొనేముందు ఇంజను ఆపి, కొంచెం వాలుగా ఉన్న చోట బండిని వెనక్కి నెట్టి చూడండి. నెట్టలేకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వేరే బండి చూడండి. మొదటి బండికి 220, 350 సీసీ చాలు.

కొత్తవాళ్లకు ఒక సలహా కూడా: 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఆ తర్వాతి బండే చూడండి. వాన పడిన బీచ్ రోడ్డు మీద ఇసుక కూడా ఉంటుంది.

అపోహ: ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు ఉన్నాయి, పేరు తర్వాత మార్చుకోవచ్చు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్పై రోజుల్లో రవాణా అధికారులకు తెలియజేయాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. బండి నాలుగు చేతులు మారినా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్న ఆయన మీదే పడింది. కాబట్టి అమ్మేవాళ్లూ భయపడాల్సిన విషయమే ఇది. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే బండి మీద లోను ఉందన్నమాట; ఆ పేరు తీయించే ఫారం 35, బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి రాకుండా పైసా ఇవ్వకండి. ఒడిశా, తెలంగాణ నంబరు బండి చవకగా వస్తోందంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టడం కలిపి చూడండి, ఆ చవక ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఏపీ 31 నంబరు కనబడితే 2019కి ముందు రిజిస్ట్రేషను అయిన బండి. పదిహేనేళ్లకు దగ్గరపడిందేమో తేదీ చూడండి, రెన్యువలు ఖర్చు మీదే అవుతుంది.

ఇన్సూరెన్సు కూడా ఇంతే. థర్డ్ పార్టీ కవరు (ఎదుటివారికి జరిగే నష్టానికి) బండితో పాటు వస్తుంది కానీ సొంత నష్టానికి కవరు మీ పేరు మీదికి మార్పించుకుంటేనే. దానికీ పద్నాలుగు రోజులే. పాత యజమానికి క్లెయిమ్ చేయనందుకు దక్కిన ప్రీమియం తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు.

"ఇవన్నీ చదవకముందే కొనేశానండీ, సెల్లారు బండే, ఇప్పుడెలా?" అని కంగారుగా ఫోను చేసేవాళ్లుంటారు. కంగారు అక్కర్లేదు, బాగుపడని బండి చాలా తక్కువ. వరుస మాత్రం తప్పకండి. ముందు బ్రేకులు: కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) విప్పించి శుభ్రం చేయించి, బ్రేకు ఆయిలు కొత్తది పోయించండి, ఎందుకంటే అదీ తేమ పీల్చేదే. తర్వాత టైర్లు, ఫోర్కు. ఆ తర్వాత ట్యాంకు దింపించి లోపల కడిగించి, ఇకపై నిండుగా ఉంచండి. వైరింగు కనెక్టర్లు ఒక్కొక్కటిగా విప్పించి చిలుము తీయించండి. వారానికి ఒకసారైనా ఐదు నిమిషాలు కాదు, అరగంట పైన తిప్పండి. బీచ్ రోడ్డు నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో కడగండి. కొత్త సైలెన్సరు, సైడు బ్యాగులు, క్రోమియం తళుకులు ఆ తర్వాత ఎప్పుడైనా.