గేటు తాళం వెనుక పాత తీర్పు

అత్తగారింటి ముందు కోడలు బైఠాయించిందన్న వార్త తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో కొత్తేమీ కాదు. పక్కన పిల్లాడు, ఒక బ్యాగు, గేటుకు తాళం. లోపలి నుంచి వచ్చే జవాబూ మారదు: ఇల్లు మావాడిది కాదు, నాది. ఈ మధ్య మళ్లీ వాదన ఆ ఇల్లు ఎవరిదన్న దగ్గరికే వచ్చింది కాబట్టి కట్నాల చట్టం, అత్తింటి వేధింపుల పాత సెక్షన్ 498ఏ కథ పక్కన పెడదాం. ఆ జవాబుకు అంత ధైర్యం ఎక్కడిదో చూస్తే చాలు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమలైంది. అందులో కొత్తదనం ఇల్లు. ఆస్తిలో వాటా ఉన్నా లేకపోయినా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోడలిదని 17వ సెక్షన్ చెప్పింది. రెండు నెలలు తిరక్కముందే, అదే ఏడు డిసెంబర్ 15న, సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచి దాన్ని కుదించేసింది. భర్త సొంత ఇల్లో, అద్దె ఇల్లో, అతను సభ్యుడిగా ఉన్న ఉమ్మడి కుటుంబం ఇల్లో అయితేనే హక్కు, అత్త పేరు మీదున్న ఇంట్లో లేదు అంది. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

తిరుపతిలో కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో పెద్దాయన సర్వీసులో ఉండగా కట్టుకున్న ఇల్లు ఆయన పేరు మీదే ఉంటుంది. కొడుకు పేరు మీద ఉండేది బైకు, దాని లోను. ఇంక కోడలు ఏ ఇంటిని చూపించి హక్కు అడగాలి? దాదాపు 14 ఏళ్లు అలాగే గడిచాయి.

దెబ్బలు తిని బయటపడ్డ మనిషికి ముందు కావాల్సింది భయం లేని నిద్ర. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలర్ సాయం ఒకేచోట దొరుకుతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కానీ సఖిలో ఉండనిచ్చేది 5 రోజుల వరకే. ఆరో రోజు అమ్మోళ్లింటికి. ఎన్నాళ్లుంటావని ఎవరూ అడగరు, అయినా వినిపిస్తుంది. పిల్లాడి బడి మారుతుంది, ఆమె చేసే చిన్న ఉద్యోగం పోతుంది. స్టేషన్‌లో కౌన్సెలింగ్ అంటే చాలాసార్లు సర్దుకుపోమ్మా అనడమే. సర్దుకుపోవడానికి వెనక్కి వెళ్లిన ఇల్లే మళ్లీ కొట్టే ఇల్లు. కోలుకోవడం గురించి మాట్లాడేవాళ్లు ఈ చోటు సంగతి ఎందుకో తక్కువగా ఎత్తుతారు.

2020 అక్టోబర్ 15న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జిల బెంచి 2006 నాటి ఆ పాత తీర్పు సరికాదంది. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా అది ఆమె కాపురమున్న ఇల్లే. ఇక 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టి కోడల్ని ఖాళీ చేయించే దారి ఒకటుంది. ఆ చట్టాన్ని అడ్డుపెట్టి ఆమె హక్కును తీసేయలేరని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 15న తేల్చింది. పాత తీర్పుకు సరిగ్గా 14 ఏళ్లు నిండిన రోజది. 2022 మే 12 తీర్పు ఇంకో అడుగు వేసింది: ఆ ఇంట్లో వాస్తవంగా ఉండకపోయినా హక్కు పోదు, గృహహింస చట్టం కింద ఉండే రక్షణ అధికారి నివేదిక లేకపోయినా కేసు వేయొచ్చు.

పెద్దవాళ్ల గోడు అబద్ధమని కాదు. ముసలితనంలో ప్రశాంతత వాళ్లకూ హక్కే, 2020 అక్టోబర్ తీర్పూ ఆ మాట చెప్పింది. అవసరమైతే కోడలికి అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనే వీలూ చట్టంలో ఉంది. వేరే ఇల్లు చూపిస్తామని గేటు లోపలి నుంచి ఎవరూ అనరు, అదే గమ్మత్తు.

అయినా తాళం తీయించడానికి వచ్చిన పోలీసులు అడిగేది కోర్టు కాగితం. మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేస్తే మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలి, 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి. ప్రమాణపత్రం చూసి ఆలోపే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. లాయరుకు డబ్బుల్లేకపోతే న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవ ఉచితం.