మంచు మోసుకొచ్చిన పేపర్లు

2020 వేసవిలో ఫ్రాన్స్‌లోని షమోనీ ఊరి దగ్గర, బోసోన్ హిమానీనదం కరిగిన చోట తడిసిన న్యూస్‌పేపర్లు కొన్ని బయటపడ్డాయి. దగ్గర్లో కేఫ్ నడుపుకునే ఒకాయన వాటిని చూసి, తీసుకెళ్లి ఆరబెట్టాడు. 1966 జనవరి నాటి మన దేశపు ఇంగ్లిష్ పత్రికలవి. ఇందిరా గాంధీ ప్రధాని అవుతున్నారన్న వార్త ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

అవి అక్కడికెలా వచ్చాయన్నది రహస్యమేమీ కాదు. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా బోయింగ్ 707 ‘కాంచనజంగ’ జెనీవాలో దిగబోతూ మాంట్ బ్లాంక్ కొండను గుద్దుకుంది. 117 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వియన్నాలో సమావేశానికి బయల్దేరిన మన అణు శాస్త్రవేత్త హోమీ భాభా కూడా అందులోనే ఉన్నారు. విమానంలో దిశ చూపే పరికరాల్లో ఒకటి పనిచేయడం లేదు. కంట్రోలర్ చెప్పిన మాటను పైలట్ మరోలా అర్థం చేసుకుని, శిఖరం దాటేశామనుకున్నాడని ఫ్రెంచి దర్యాప్తు తేల్చింది. భాభా మరణం మీద వాట్సాప్‌లో తిరిగే కుట్ర కథల కన్నా నాకు ఈ చిన్న పొరపాటే ఎక్కువ భయం పుట్టిస్తుంది. అంతకు పదిహేనేళ్ల ముందు, 1950 నవంబర్‌లో, ఎయిర్ ఇండియాదే ‘మలబార్ ప్రిన్సెస్’ కూడా ఇంచుమించు అదే చోట కూలింది. అందులో 48 మంది.

భాభా పేరు బెంగళూరులో ఉండేవాళ్లకు దగ్గరి పేరు. 1939లో సెలవులకని ఇండియా వచ్చి, యుద్ధం మొదలవడంతో ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేక, ఇక్కడి ఐఐఎస్సీలో సి.వి. రామన్ దగ్గర చేరి కాస్మిక్ కిరణాల మీద పనిచేశారాయన. అందుకే యూరప్ ట్రిప్ అనుకున్నప్పుడు ఇంట్లో అందరూ స్విట్జర్లాండ్ అంటే నేను షమోనీ కావాలని పట్టుబట్టాను. మా అత్తయ్యగారు మాత్రం, “ఎక్కడైతేనేం బాబూ, మంచేగా!” అనేశారు.

షమోనీ ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే మన బెంగళూరు కన్నా కాస్త పైన. అక్కడి నుంచి ఎగ్వీ దు మిది అనే రాతి శిఖరం మీదికి కేబుల్ కార్ వెళ్తుంది. 1955లో మొదలైంది. మధ్యలో 2,317 మీటర్ల దగ్గర ఒకసారి దిగి ఇంకో పెట్టె ఎక్కాలి. ఆ రెండో దశలో పెట్టె దాదాపు 1,460 మీటర్లు పైకి లేస్తుంది, దారిలో ఒక్క స్తంభం కూడా లేదు. మోటారు పెట్టె బరువునంతా మోయదు. ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంటుంది, దిగేదాని బరువే ఎక్కేదాన్ని లాగుతుంది. రెండింటి బరువుల్లో తేడానీ, రాపిడినీ మాత్రం మోటారు చూసుకుంటుంది. ఈ మాట చెబితే అత్తయ్యగారికి టెన్షన్ తగ్గుతుందనుకున్నాను. “అయితే అవతలి దాంట్లో ఎవరూ ఎక్కకపోతే?” అన్నారు. మంచి ప్రశ్నే. అప్పుడూ ఖాళీ పెట్టె బరువు ఉంటుంది, మిగతాది మోటారు లాగుతుంది.

పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 63 శాతం దాకానే ఉంటుంది. చెవులు దిబ్బెళ్లు పడతాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, బ్యాగులోని చిప్స్ ప్యాకెట్ ఉబ్బిపోతుంది. చంటిపిల్లల్ని తీసుకెళ్లొద్దు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడిగి వెళ్లాలి. చలువ కళ్లద్దాలు తప్పనిసరి, తాజా మంచు తన మీద పడే వెలుగులో ఎనభై శాతం దాకా కళ్లలోకే తిప్పికొడుతుంది.

ఇక అసలు సంగతి. పై నుంచి చూస్తే మాంట్ బ్లాంక్ భుజం మీంచి బోసోన్ హిమానీనదం లోయలోకి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. కదులుతున్నట్టు అనిపించదు. కానీ కదులుతోంది. ఎత్తున కురిసిన మంచులో తొంభై శాతం దాకా గాలే. దాని మీద మరుసటి ఏడాది మంచు, ఆపై ఏడాది మంచు పడుతూ ఉంటే కింది పొరల్లోని గాలి బయటికి పోయి, గట్టి మంచుగడ్డగా మారుతుంది. ఆ గడ్డ మందం ముప్పై మీటర్లు దాటాక తన బరువుకు తానే తాళలేదు. స్ఫటికాల్లోని అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడం మొదలవుతుంది. అడుగున కరిగిన నీళ్లుంటే రాతి మీద మొత్తం గడ్డే జారుతుంది. పైపైన ఉన్న మంచు మీద అంత ఒత్తిడి ఉండదు కాబట్టి అది సాగలేదు, పగులుతుంది. మనుషులు పడిపోయే ఆ లోతైన చీలికలు అలా ఏర్పడినవే.

1842లో స్కాట్లండ్ భౌతికశాస్త్రవేత్త జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్ పక్క లోయలోని మెర్ ద గ్లాస్ హిమానీనదం మీద గుర్తులు పెట్టి, అవి రోజూ ఎంత జరుగుతున్నాయో కొలిచాడు. గిన్నె వంచితే దోసెపిండి జారినట్టు, నడిమి మంచు ముందుకు పోతోంది, అంచులు వెనకబడుతున్నాయి. అంటే ఇది కొండ మీంచి జారిపడే రాయిలా కాదు, ప్రవాహంలా కదులుతోంది. ప్రవాహమైతే లెక్క కట్టొచ్చు. 1820లో మాంట్ బ్లాంక్ ఎక్కుతూ ముగ్గురు గైడ్లు మంచు విరిగిపడి చీలికలో కూరుకుపోయారు. దాదాపు నలభై ఏళ్లకు వాళ్లు కింద బయటపడతారని ఫోర్బ్స్ అన్నాడు. 1861లో బోసోన్ కింది కొస దగ్గర వాళ్ల అవశేషాలు బయటపడ్డాయి. సైన్సులో ఇంత బాధాకరంగా నిజమైన జోస్యం నాకు మరొకటి తెలియదు.

విమానాల శకలాలదీ అదే దారి. హిమానీనదం పైభాగంలో ఏటా కరిగే మంచు కన్నా పడే మంచు ఎక్కువ, కాబట్టి అక్కడ పడిన వస్తువు ఏడాదికేడాది లోపలికి పూడుకుపోతుంది. కిందిభాగంలో పడేదాని కన్నా కరిగేది ఎక్కువ, కాబట్టి లోపలున్నది క్రమంగా పైకి తేలుతుంది. నిజానికి తేలేది వస్తువు కాదు, దాని మీది కప్పు కరిగిపోతుంది. ఎంత ఎత్తున పడితే అంత లోతుకి వెళ్లి, అంత కింద, అంత ఆలస్యంగా బయటపడుతుంది. 2012లో దౌత్య తపాలా సంచీ ఒకటి దొరికింది. 2013లో పచ్చలు, కెంపులు, నీలాలున్న పెట్టె దొరికితే, దాన్ని చూసిన కుర్రాడు నేరుగా పోలీసులకు అప్పగించాడు. సొంతదారుల జాడ తెలియకపోవడంతో 2021లో ఆ రాళ్లను అతనికీ షమోనీ పురపాలికకూ చెరిసగం పంచారు.

హిమానీనదం మీద స్తంభం పాతితే అదీ మంచుతో పాటే నడిచిపోతుంది. ఎగ్వీ దు మిది నుంచి ఇటలీ సరిహద్దు దాకా మంచు మీదుగా వెళ్లే మరో కేబుల్ కార్ ఉంది, సుమారు 5 కిలోమీటర్లు. దాన్ని కట్టినవాళ్లు ఒక స్తంభాన్ని నేలలో పాతకుండా, అటూ ఇటూ రాళ్లకు కట్టిన తాళ్లతో గాలిలోనే వేలాడదీశారు. మా అమ్మాయి అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది దాన్నే.

రాళ్లను నమ్మడానికి కూడా ఇప్పుడు ఒక షరతుంది. ఆ ఎత్తున రాతి చీలికల్లో గడ్డకట్టిన నీరు రాళ్లను పట్టి ఉంచుతుంది. అది కరిగితే పట్టు వదిలేస్తుంది. 2005లో దగ్గర్లోని ద్రూ శిఖరం నుంచి బొనాట్టి స్తంభం అనే భారీ రాతి గోడ కూలిపోయింది. అందుకే ఎగ్వీ దు మిది రాతిలో రంధ్రాలు చేసి, థర్మామీటర్లు దించి పరిశోధకులు ఉష్ణోగ్రత కొలుస్తున్నారు.

మర్నాడు మెర్ ద గ్లాస్ చూడ్డానికి పళ్ల చక్రాల రైల్లో వెళ్లాం. 1909 నాటి రైలు మార్గం అది. స్టేషన్ నుంచి, హిమానీనదంలో తవ్విన మంచు గుహకు 1988లో చిన్న కేబుల్ కార్ కట్టినప్పుడు, దిగాక మూడు మెట్లు దిగితే మంచు అందేదట. తర్వాత మంచు పలచబడి కిందికి పోతుంటే ఏటా ఇనుప మెట్లు కలుపుతూ పోయారు. అవి అయిదు వందలు దాటాయి. గోడ మీద ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉందో చిన్న పలకలు పెట్టారు. అలిపిరి మెట్లెక్కిన మా అత్తయ్యగారు ఇక్కడ ఆ పలకల్ని చూసి, “ఈ మెట్లు దిగడానికి కాదు, ఎక్కి రావడానికి భయం” అన్నారు. చివరికి మెట్లు పెంచడం మానేసి, మంచు ఇంకా మందంగా ఉన్న చోటు వెతికి, లోయలో మరింత ఎగువన కొత్త కేబుల్ కార్ కట్టారు. అది 2024లో తెరిచారు.