వృషణ కణాల పొరలో హార్మోన్ల పాత్ర: వెనకటి కథ

బయటి నుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే వృషణాలు చిక్కిపోతాయని చాలామందికి తెలుసు. హార్మోన్ తేడా వస్తే అక్కడి కణాల పొరలోని కొవ్వులు కూడా మారిపోతాయన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. రావాలి. ఎందుకంటే వీర్యకణం బలమూ, బలహీనతా ఆ పొరలోనే ఉన్నాయి.

హార్మోన్ల కథ 1849లో గొట్టింగెన్‌లో మొదలైంది. బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కోడిపుంజు పిల్లల వృషణాలు కోసి, కడుపులో వేరేచోట పెట్టాడు. తురాయి మామూలుగానే పెరిగింది, కూత మానలేదు, పోట్లాటా మానలేదు. అంటే వృషణం నుంచి రక్తంలోకి ఏదో చేరుతోందన్నమాట. వృషణంలో టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణాలను, వీర్యకణాలను పోషించే సెర్టోలి కణాలను గుర్తించడం ఆ తర్వాతి పదహారేళ్లలోనే జరిగింది. ఆ 'ఏదో' టెస్టోస్టిరాన్ అని తేలడానికి మాత్రం 1935 దాకా ఆగాల్సి వచ్చింది.

కొవ్వుల కథ వేరే దారిలో నడిచింది. 1929లో బర్ దంపతులనే పరిశోధకులు కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే ఎలుకల చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగింది. అలాంటి లోపం కొనసాగితే వృషణాలు కూడా దెబ్బతింటాయని తర్వాత బయటపడింది. కారణం పొరలో ఉంది. ద్విబంధాలు (కార్బన్ల మధ్య జంట బంధాలు) లేని, 18 కార్బన్ల కొవ్వు ఆమ్లమైన స్టియరిక్ ఆమ్లం దాదాపు 69 డిగ్రీల వేడికి గానీ కరగదు. ఆరు ద్విబంధాలున్న డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. ప్రతి ద్విబంధం దగ్గరా గొలుసు వంగుతుంది, వంగిన గొలుసులు ఒత్తుగా సర్దుకోలేవు. మనిషి వీర్యకణాల పొరకు ఆ మెత్తదనం ఇచ్చేది డీహెచ్ఏనే. అయితే ఆక్సిజన్ మొదట దాడి చేసేదీ ఆ ద్విబంధాలున్న చోటే.

ఈ రెండు కథలనూ కలిపింది డీసాచురేజ్ ఎంజైములు. ద్విబంధాలు పెట్టేవి అవే. అర్జెంటీనాలోని లా ప్లాటాలో బ్రెన్నర్ బృందం కాలేయంలో వీటిని హార్మోన్లు అదుపు చేస్తాయని చూపింది. ఇన్సులిన్ పెంచుతుంది, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు తగ్గిస్తుంది. ఇక అదే ప్రశ్న వృషణాల దగ్గరికీ వచ్చింది. డెల్టా-6 డీసాచురేజ్ జన్యువు తీసేసిన మగ చిట్టెలుకల్లో వీర్యకణాల తయారీ దెబ్బతింది. డీహెచ్ఏ తినిపిస్తే మళ్లీ కుదుటపడింది.

ఇక్కడొక చిక్కుంది, నా దృష్టిలో అసలు విషయం ఇదే. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ పడితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, టెస్టోస్టిరాన్ తయారుచేయమని వృషణానికి చెప్పే ఎల్‌హెచ్ హార్మోన్‌ను పంపడం తగ్గిస్తుంది. దాంతో వృషణం లోపలి టెస్టోస్టిరాన్ పడిపోయి, ఎదుగుతున్న వీర్యకణాలు రాలిపోతాయి. అప్పుడు వృషణం మొత్తాన్ని నూరి కొవ్వులు కొలిస్తే, పొర మారిందా, ఆ కొవ్వులున్న కణాలే పోయాయా అన్నది తేలదు. అందుకే సెర్టోలి, లేడిగ్ కణాలను విడదీసి, గిన్నెల్లో పెంచి, హార్మోన్ వాటి మీదే వేసి చూడటం మొదలుపెట్టారు.