ఎవరు గొప్ప డాక్టర్ అనే గొడవకి ముందు, జోస్‌లో దొరికిన ఆ ఫిలిం డబ్బాల సంగతి

మళ్ళీ మొదలైంది. 'డాక్టర్ హూ' అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో, కాలంలో ప్రయాణించే డాక్టర్ అనే హీరోగా షూటి గట్వా రెండే సీజన్లు చేసి 2025 మే 31న వెళ్ళిపోయాడు. ఆఖరి షాట్‌లో ఆయన ముఖం పోయి నటి బిల్లీ పైపర్ ముఖం వచ్చింది, కానీ ఆవిడ కొత్త డాక్టరా కాదా అన్నది చెప్పలేదు. అక్టోబర్‌లో నిర్మాణంలో భాగస్వామిగా ఉన్న డిస్నీ ప్లస్ తప్పుకుంది, సీరియల్ ప్రధాన రచయిత రస్సెల్ టి. డేవిస్ రాసే స్పెషల్ ఒకటి 2026 క్రిస్మస్‌కి ఉంటుందని బీబీసీ ప్రకటించింది. ఇంత ఖాళీ దొరికితే 'డాక్టర్ హూ' అభిమానులు ముందుగా చేసే పని ర్యాంకులు వేయడం. హీరోల్లో ఎవరు ఫస్టు, ఎవరు లాస్టు, కథల్లో ఏది బెస్టు. ఈసారి గట్వాని అట్టడుగుకి తోసేసి, "ఇదేం మా ఇష్టం కాదు, అరవై ఏళ్ళుగా ఓట్లు చెప్తున్నదే" అని వాదించేవాళ్ళు ఎక్కువ కనిపిస్తున్నారు.

1963 నవంబర్ 23న సీరియల్ మొదలవడం, డాక్టర్ చావుబతుకుల్లో పడ్డప్పుడల్లా ఇంకో నటుడిగా మారిపోవడం, 1989లో ఆగిపోయి 2005లో తిరిగి రావడం, ఇవన్నీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఓట్లు చెప్తున్నాయి అనే మాట దగ్గరే నా పేచీ. ఓటు వేసినవాళ్ళు అసలు ఏం చూసి వేశారు? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే నైజీరియాలో జోస్ అనే ఊరికి వెళ్ళాలి.

అక్కడ ఒక టీవీ రిలే స్టేషన్ స్టోర్‌రూమ్‌లో పోయిన టీవీ ఎపిసోడ్లు వెతికే ఫిలిప్ మారిస్ అనే ఆయనకి పాత ఫిలిం డబ్బాలు దొరికాయి. వాటిలో ఉన్నవి రెండో డాక్టర్ ప్యాట్రిక్ ట్రౌటన్ నటించిన రెండు కథలు, ఒక్కొక్కటీ ఆరు ఎపిసోడ్లు. వాటిలో తొమ్మిది ఎపిసోడ్లు ప్రపంచంలో ఇంకెక్కడా లేవని అప్పటిదాకా అనుకున్నవి. 2013 అక్టోబర్‌లో బీబీసీ ఈ విషయం బయటపెట్టింది, ఆ వెంటనే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేసింది. 1960ల చివర్లో ఒక్కసారి టీవీలో వచ్చి మాయమైపోయిన కథల్ని నలభై అయిదేళ్ళ తర్వాత జనం మొదటిసారి చూస్తున్నట్టే చూశారు.

అవి ఎందుకు పోయాయంటే, బీబీసీయే చెరిపేసింది కాబట్టి. వీడియో టేపు అప్పట్లో చాలా ఖరీదు, ఒక ప్రోగ్రాం చెరిపి దాని మీద ఇంకోటి రికార్డ్ చేసుకునేవాళ్ళు. నటుల యూనియన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం పాతవాటిని ఇష్టమొచ్చినన్ని సార్లు తిరిగి వేయడానికి లేదు, ఇళ్ళల్లో వీడియో ప్లేయర్లు లేవు, కాబట్టి దాచిపెట్టడం దండగ అనుకున్నారు. విదేశాల్లో టీవీ స్టేషన్లకి అమ్మడానికి తీసిన 16 ఎంఎం ఫిలిం కాపీలు కూడా గడువు అయ్యాక నాశనం చేశారు. 1978 దాకా ఇదే తంతు. మొదటి ఆరేళ్ళలో వచ్చిన ఎపిసోడ్లు 253. 2013లో జోస్‌లో దొరికినవి కలుపుకున్న తర్వాత కూడా అప్పటికి లేనివి 97. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్‌వి 134లో 44 పోయాయి, ట్రౌటన్‌వి 119లో 53 పోయాయి. అంటే దాదాపు సగం ట్రౌటన్ లేడు. నటుడికి ర్యాంకు వేస్తున్నామని చెప్తూ సగం పనిని పక్కన పెట్టి మార్కులు వేస్తున్నాం, ఇది మామూలు విషయం కాదు. లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్ ఈ సీరియల్ తొలి కథకి దర్శకుడు. ఆయన చేతి మీదుగానే ఎక్కువ భాగం నడిచిన 'మార్కో పోలో' ఏడు ఎపిసోడ్లలో ఒక్కటీ మిగల్లేదు. దాన్ని ఏ స్థానంలో పెడతాం?

జోస్‌లో దొరికిన మొదటి కథ 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్'. నా దృష్టిలో మొత్తం గొడవకి తాళంచెవి ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

2013కి ముందు ఈ కథలో మిగిలింది ఒక్క మూడో ఎపిసోడ్. ఆరింట్లో అది బాగా నీరసమైనది. కారిడార్లు, మూసిన గదులు, ఒక వంటగది, ఆ వంటగదిలో ఏది చూసినా విసుక్కుంటూ సణిగే గ్రిఫిన్ అనే వంటవాడు. అభిమానులకి దశాబ్దాల పాటు 'ఎనిమీ' అంటే ఈ వంటగదే. మిగతాదాన్ని తెలుసుకోవాలంటే, ఎవరో ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న శబ్దం వినాలి, లేదా నవలగా వచ్చిన పుస్తకం చదువుకోవాలి. కాబట్టి 2009లో 'డాక్టర్ హూ మ్యాగజైన్' పాఠకులతో అప్పటిదాకా వచ్చిన 200 కథలకి ర్యాంకులు వేయిస్తే ఇది కింది సగంలో పడింది.

తర్వాత మొదటి ఎపిసోడ్ దొరికింది. ఆస్ట్రేలియా బీచ్‌లో దిగిన డాక్టర్ సముద్రం చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయి, బట్టలు విప్పేసి పొడుగు లోదుస్తులతోనే నీళ్ళలోకి పరిగెత్తుతాడు. అంతలో హోవర్‌క్రాఫ్ట్ మీద మనుషులు వచ్చి ఆయన మీద కాల్పులు మొదలుపెడతారు, కాపాడటానికి హెలికాప్టర్ వస్తుంది. దర్శకుడు బ్యారీ లెట్స్ ఉన్న కొద్దిపాటి డబ్బుతో దీన్ని సినిమాలా తీశాడు. కాల్పులు ఎందుకంటే, ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోబోతున్న సాలమాండర్ అనే నాయకుడు అచ్చం డాక్టర్‌లాగే ఉంటాడు. రెండు వేషాలూ ట్రౌటన్‌వే. ద్విపాత్రాభినయం అంటే మనకి చెప్పాలా, తెలుగు సినిమా చూసే ఎవరికైనా ఇందులో ఏం కష్టం ఉందో తెలుసు. ట్రౌటన్ మీసం పెట్టో విగ్గు మార్చో సరిపెట్టలేదు. సాలమాండర్ నిలబడే తీరు వేరు, మాట యాస వేరు, ఎదుటి మనిషిని చూసే చూపు వేరు. ఆ పైన డాక్టర్ సాలమాండర్‌లా నటించాల్సి వచ్చినప్పుడు, నటిస్తున్న డాక్టర్‌నీ అసలు సాలమాండర్‌నీ చూడగానే విడిగా గుర్తుపట్టేలా చేశాడు. ఇదంతా గొంతు మాత్రమే వింటే ఎలా తెలుస్తుంది? నేల కింద మనుషుల్ని దాచి, పైన అణుయుద్ధం జరుగుతోందని ఏళ్ళ తరబడి నమ్మిస్తున్న సంగతి బయటపడే భాగం కూడా ఆ పోయిన ఎపిసోడ్లలోనే ఉంది.

2014లో అదే పత్రిక మళ్ళీ ఓటింగ్ పెట్టింది, ఈసారి 241 కథలు. 'ఎనిమీ' కింది సగం నుంచి చాలా పైకి ఎగబాకింది. అయిదేళ్ళలో కథ మారలేదు, నటన మారలేదు, ఆ నటుడు 1987లోనే పోయాడు. చూసే వీలు ఒక్కటే మారింది.

దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు ఇంకోటి ఉంది, కాలంలో కాస్త వెనక్కి వెళ్ళాలి. 'ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' కూడా ట్రౌటన్‌దే, అది కూడా పోయింది. పోయినన్నాళ్ళూ అది అభిమానుల నోట్లో దేవుడి స్థానంలో ఉండేది. చిన్నప్పుడు చూసినవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు, వాళ్ళు చెప్పగా ఇంకొకళ్ళు, అలా పెరిగిపోయింది. 1992లో హాంకాంగ్ నుంచి నాలుగు ఎపిసోడ్లూ తిరిగొచ్చాయి, క్యాసెట్ బాగా అమ్ముడుపోయింది, అందరూ కూర్చుని చూశారు. సైబర్‌మెన్ అనే యంత్ర మనుషులు సమాధుల్లోంచి చీల్చుకుని బయటికొచ్చే సీను నిజంగానే ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంది, కానీ మనిషిని గాల్లోకి ఎత్తి విసిరే చోట తీగలు కనిపించాయి. ఇప్పటికీ మంచి కథగానే లెక్క, ఆ దేవుడి స్థానం మాత్రం పోయింది. కనిపించకపోవడం ఒక కథని ముంచింది, ఇంకో కథని లేపింది.

ఆ క్యాసెట్ వల్ల ఇంకో మేలు జరిగింది. మ్యాట్ స్మిత్ పదకొండో డాక్టర్‌గా ఎంపికయ్యాక పాత కథలు చూడటం మొదలుపెట్టి, 'టూంబ్'లో ట్రౌటన్‌ని చూసి మనసు పారేసుకున్నానని తనే చెప్పుకున్నాడు. స్మిత్ టాప్‌లో ఉన్న జాబితా, ట్రౌటన్ ఎక్కడో కింద ఉన్న జాబితా ఒకటే అయినప్పుడు నాకు బాధేస్తుంది. హాంకాంగ్‌లో ఆ ఫిలిం దొరక్కపోతే స్మిత్ డాక్టర్ ఇంకోలా ఉండేవాడేమో.

ఓట్లని నమ్మేవాళ్ళ వాదన కూడా చెప్పాలి. కొన్ని కథలు ప్రతిసారీ పైనే ఉంటాయి, అది గాలివాటం కాదు అంటారు. 2009లో 'ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజని' ఫస్టు, 'బ్లింక్' రెండు, 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్' మూడు. 2014లో 'బ్లింక్', 'జెనెసిస్' అవే స్థానాల్లో, 'ఆండ్రోజని' నాలుగు. రెండుసార్లూ ఆఖర్న 'ది ట్విన్ డైలమా'. ఈ నిలకడ నిజమే, ఒప్పుకుంటాను. కానీ 2014లో ఫస్టు వచ్చింది ఏది? 'ది డే ఆఫ్ ది డాక్టర్', అంతకుముందు నవంబర్‌లోనే వచ్చిన యాభయ్యేళ్ళ స్పెషల్, అందరి కళ్ళల్లో ఇంకా తడి ఆరలేదు. హీరోల ఓటింగూ అంతే. నాలుగో డాక్టర్ టామ్ బేకర్ ఏడేళ్ళు చేశాడు, ఏళ్ళ తరబడి మ్యాగజైన్ ఓటింగుల్లో దాదాపు ఆయనే ఫస్టు, 2006లో అప్పుడే వచ్చిన డేవిడ్ టెనెంట్ ఆయన్ని దాటేశాడు. 2020లో రేడియో టైమ్స్ అనే బ్రిటిష్ పత్రిక ఓటింగ్‌లో టెనెంట్‌ని తాకినంత దగ్గరగా రెండో స్థానంలో వచ్చింది జోడీ విట్టేకర్, అప్పటికి టీవీలో నడుస్తున్న డాక్టర్ ఆవిడే. ఎక్కువ కాలం కళ్ళ ముందు ఉన్నవాళ్ళో, ఇప్పుడు కళ్ళ ముందు ఉన్నవాళ్ళో గెలుస్తున్నారు.

నేను కూడా మొదట చూసిన డాక్టర్ టెనెంటే. 2005 తర్వాతి ఎపిసోడ్లతోనే మొదలుపెట్టినవాడిని, 'బ్లింక్' చూసిన రాత్రి లైటు ఆర్పలేదు. చాలాకాలం టెనెంట్ గొప్పతనానికి అదే రుజువని చెప్పేవాడిని. మళ్ళీ చూసినప్పుడు తెలిసింది, అందులో టెనెంట్ కనిపించేది కొద్ది నిమిషాలే. కథని మోసింది నటి క్యారీ మల్లిగన్. అయినా ఆ మార్కులు టెనెంట్ ఖాతాలో పడ్డాయి. అదే గట్వా విషయానికొచ్చేసరికి లెక్క తిరగబడింది. ఆయన మొదటి సీజన్‌లో '73 యార్డ్స్', 'డాట్ అండ్ బబుల్' రెండింట్లోనూ ఆయన తక్కువగా ఉన్నాడు, ఎందుకంటే అప్పటికి ఇంకో సిరీస్ షూటింగ్ పూర్తి చేస్తున్నాడు. ఆ కథలు బాగున్నాయన్నప్పుడు మెచ్చుకోలు ఆయనకి రాలేదు, "హీరో లేడు" అన్న నింద మాత్రం వచ్చింది. ఒకే సంగతికి ఇద్దరికి రెండు రకాల తూకం.

గట్వాకి దక్కింది ఎనిమిదేసి ఎపిసోడ్ల రెండు సీజన్లు, రెండు క్రిస్మస్ స్పెషళ్ళు, అంతే. కేరళలో పుట్టిన వరద సేతు తోడుగా చేసిన 2025 సీజన్లో 'ది వెల్' చూడండి, భయాన్ని దాచుకుంటూ ఎదుటివాళ్ళకి ధైర్యం చెప్పే ఆ ముఖం చూడండి. ఆరో డాక్టర్ కాలిన్ బేకర్‌కీ ఇలాగే జరిగింది. ఆయన మొదటి కథే ఆ 'ట్విన్ డైలమా'. 'ఆండ్రోజని' ముగిసిన మరుసటి వారమే వచ్చింది, ఆ తర్వాతి ఏడాది సీరియల్‌నే కొన్నాళ్ళు ఆపేశారు, 1986 అయ్యాక ఆయన్ని తీసేశారు. చాలా ఏళ్ళు అట్టడుగు డాక్టర్ ఆయనే. 1999 నుంచి ఆడియో నాటకాల్లో అదే పాత్ర మళ్ళీ చేస్తే, ఇంత మంచి డాక్టర్‌ని ఎలా వదులుకున్నాం అన్నారు. ఆయనకి మంచి కథలు అందడానికి పదమూడేళ్ళు పట్టింది. గట్వా వెళ్ళి ఏడాది కూడా నిండకముందే ర్యాంకు ఖాయం చేసేశారు.

జోస్‌లో దొరికిన రెండో కథ 'ది వెబ్ ఆఫ్ ఫియర్'. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో జరుగుతుంది. మొదటి ఎపిసోడ్ అంతకుముందే ఉంది, 2, 4, 5, 6 దొరికాయి. మూడోది లేదు. జోస్‌లో తను చూసినప్పుడు అది కూడా అక్కడే ఉందనీ, డబ్బాలు చేతికి వచ్చేలోపు మాయమైందనీ మారిస్ చెప్తూ వచ్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు డాక్టర్‌కి అండగా నిలిచిన సైనికాధికారి లెత్‌బ్రిడ్జ్ స్టీవర్ట్ మొట్టమొదట తెర మీదకి వచ్చేది ఆ మూడో ఎపిసోడ్‌లోనే. ఆ పాత్ర వేసిన నికొలస్ కోర్ట్‌నీ ఆ చీకటి సొరంగంలో ఎలా నడిచి వచ్చాడో, ట్రౌటన్ ఆయన్ని మొదట ఎలా చూశాడో, ఫోటోలు పక్కన పెట్టుకుని శబ్దం వింటూ ఊహించుకోవాల్సిందే.