గాలి గొట్టాలకే గోపురాలు

కెమిస్ట్రీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ అని అద్దం తలుపున్న అలమర ఒకటి ఉంటుంది. ఘాటు ఆవిర్లు, విషవాయువులు వచ్చే ప్రయోగాలు అందులోనే చేయాలి. అది గదిలోని గాలిని సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి లాగి, గొట్టం ద్వారా మిద్దె పైకి పంపేస్తుంది. ఆ గాలిని మళ్లీ గదిలోకి తిప్పకూడదు. ఎంత పోయిందో అంతా బయటి నుంచి తెచ్చి, చల్లబరిచో వేడిచేసో లోపలికి వదలాలి. సైన్సు భవనాలకు కరెంటు బిల్లు అంత రావడానికి పెద్ద కారణం ఇదే.

ఈ గాలి బాధను దాచిపెట్టకుండా భవనం రూపంగానే మలిచిన ఆర్కిటెక్ట్ లూయీ కాన్. మన అహ్మదాబాద్ ఐఐఎంను డిజైన్ చేసింది కూడా ఆయనే. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ కోసం రిచర్డ్స్ వైద్య పరిశోధనశాలల డిజైన్ 1957లో మొదలుపెట్టాడు. మనుషులు పనిచేసే చోటు వేరు, దానికి ఊడిగం చేసే చోటు వేరుగా ఉండాలన్నది ఆయన పట్టు. అందుకే గొట్టాలనూ మెట్లనూ బయట ఇటుక గోపురాల్లోకి నెట్టాడు. లోపల ఒక్కో ల్యాబు 45 అడుగుల చదరం, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. 1961లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఈ ఒక్క భవనం మీదే ప్రదర్శన పెట్టింది.

పనిచేసేవాళ్లు మాత్రం అవస్థ పడ్డారు. మూలల్లో పెద్ద పెద్ద అద్దాలు, బల్లల మీద నేరుగా ఎండ. తట్టుకోలేక కిటికీలకు అల్యూమినియం రేకు అంటించుకున్నారు. గదుల్లో కప్పు కింద ఏ మూతా లేకుండా కనిపించేలా వదిలేసిన పైపుల మీద దుమ్ము పేరుకునేది. ఇంత గొప్ప ఆలోచన బల్ల ముందు నిలబడే మనిషి కళ్ల దగ్గర తప్పడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ఆ తర్వాత కాన్ కాలిఫోర్నియాలో కట్టిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో పైపుల సమస్య తీరింది. అక్కడ ప్రతి ల్యాబు మీదా పైపుల కోసమే సుమారు 9 అడుగుల ఎత్తున్న అంతస్తు ఉంది. పైన రిపేరు చేస్తున్నా కింద ప్రయోగం ఆగదు.

రిచర్డ్స్ భవనం 2009లో అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల్లో చేరింది. ఆ తర్వాత దాన్ని బాగుచేసిన పద్ధతి నాకు చాలా నచ్చింది. నేటి ఫ్యూమ్ హుడ్లకు కావాల్సిన గొట్టాలన్నీ ఆ ఇరుకులో కుక్కలేదు. రసాయనాల ల్యాబులు తీసేసి, ఆ అంతస్తులను ప్రధానంగా కంప్యూటర్ల మీద సాగే పరిశోధనకు ఇచ్చారు. ఆ పనికి మామూలు ఆఫీసు ఏసీ సరిపోతుంది.